గంట తీసేసిన లాంచీ

ఇంజను గదిలోకి దిగే నిచ్చెన చివరి మెట్టు మీద కాలు మోపగానే తల ఎత్తి పైకప్పుకేసి చూడడం ఆయనకు అలవాటు. పొగకు నల్లబడిన దూలానికి అక్కడ చెంబంత ఇత్తడి గంట వేలాడుతూ ఉండేది. ఆ ఉదయం గంట లేదు. అది ఉన్నచోట గుండ్రని మచ్చ మాత్రం మిగిలింది. ఏళ్ళ తరబడి పొగ తగలని చోటు కాబట్టి ఆ మచ్చ, కట్టు విప్పిన గాయం కింద చర్మంలాగా, పాలిపోయి లేతగా ఉంది. దాని పక్కనే గోడకు ఒక ఫోను బిగించి ఉంది. నల్లటి పెట్టె, నల్లటి తీగ, పైన ఎర్రటి బుడ్డి దీపం.

నిచ్చెన పట్టుకొని ఆయన అలాగే నిలబడిపోయాడు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కోబోతే చేతికి ముక్కు తగలకపోతే మనిషికి ఎలా ఉంటుందో అలా ఉంది.

"మోకూ, గంటేది?" అని పైకి కేకేశాడు.

లాంచీ తాళ్ళు విప్పే మనిషి, అందుకే మోకు అని పేరుపడ్డవాడు, పైనున్న తలుపు సందులోంచి ముఖం దించాడు.

"నిన్న సాయంత్రం కంపెనీవాళ్ళు వచ్చి ఊడబెరికారు. ఇకనుంచి అంతా ఫోనులోనేనట. పైనుంచి నోటితో చెప్తే కింద నువ్వు వినాలి. నీకు చెప్పలేదా?"

"నాకెవరు చెప్పారు?"

"అదీ నిజమేలే. పాతాళానికి కబుర్లు రావడం కొంచెం ఆలస్యం," అంటూ మోకు నవ్వబోయాడు. కింద నిలబడ్డ మనిషి ముఖం చూసి, ఆ నవ్వును సగంలోనే ఆపేసి తల వెనక్కి తీసుకున్నాడు.

పాతాళం అన్నది ఆ ఇంజను డ్రైవరుకు రేవు పెట్టిన పేరు. ఎప్పుడూ లాంచీ అడుగునే ఉంటాడని ఏ ప్రయాణికుడో సరదాకి అన్నమాట, మనిషికి అతుక్కుపోయింది. చివరకు ఇంటికి పాలు పోసే ఆవిడ కూడా "పాతాళంగారిల్లు" అనే గుర్తు చెప్పేది. కన్నవాళ్ళు ఎంతో ఆలోచించి పెట్టిన పేర్లు కాగితాల్లో ముడుచుకొని పడుకోవడం, పనీపాటా లేనివాడెవడో విసిరిన పేరు జీవితాంతం వెంట నడవడం లోకంలో కొత్త సంగతి కాదు. ఆయన దానికి ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఆ పేరులో నిజముంది. ఇంజను గదికి కిటికీ లేదు. ఆ నదిని ఆయనంత ఎక్కువసార్లు దాటినవాడూ లేడు, ఆయనంత తక్కువ చూసినవాడూ లేడు.

ఆ లాంచీని మొదట చేయించినవాడు ఒక కలప వ్యాపారి. దుంగలు మోయడానికి చేయించాడు కాని, దుంగల మధ్య మనుషులు ఎక్కడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మనుషుల మధ్య దుంగలకు చోటు లేకుండా పోయింది. అప్పుడాయన నవ్వి, బల్లలు వేయించి, లాంచీకి నీలం రంగు పూయించి, భార్య పేరు పెట్టి, ముందువైపు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చుక్కాని పట్టడానికి ఒక పడుచు సరంగును పెట్టుకున్నాడు. ఇంజనుకు మనిషి కావలసి వస్తే, ఆ సరంగే లేతు షెడ్డులో ఇనుము చెక్కుతున్న స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాడు. అలా వచ్చినవాడే పాతాళం. ఏడాది తిరగకుండానే సరంగు, "మా చెల్లెల్ని ఒకసారి చూసిపో. నచ్చకపోతే ఇంజను ఎలాగూ ఉంది, దాన్నే చూసుకుంటూ కూర్చో," అన్నాడు. చూశాడు. నచ్చింది. స్నేహితులు బావలయ్యారు. ఆ పిలుపులో ఒక సౌకర్యముంది. ఇద్దరూ ఒకరినొకరు ఒకే మాటతో పిలుచుకోవచ్చు, ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చనక్కరలేదు. రేవులో పొద్దున్నే "బావా" అన్న కేక వినిపిస్తే అది ఎవరిదో చెప్పడానికి జనం పందాలు కాసేవారు.

పైనున్న సరంగుకు నది కనిపిస్తుంది, ఇంజను అందదు. కిందనున్న డ్రైవరుకు ఇంజను అందుతుంది, నది కనిపించదు. రెంటికీ మధ్య ఒక ఇనుప తీగ, ఆ తీగ చివర గంట. ఒకసారి మోగితే ముందుకు, రెండుసార్లయితే ఆపు, మూడుసార్లయితే వెనక్కి. నేర్చుకోవలసిన పాఠం అంతే. కాని ఆ పాఠంలో వాళ్ళిద్దరూ సంపాదించిన పాండిత్యం వేరు. తీగ లాగిన తీరును బట్టి పైన మంచు పట్టిందో, ఎండ కాస్తున్నదో పాతాళానికి తెలిసేది. సరంగుకు ఆకలివేస్తే గంట పొట్టిగా పలికేది. ఎదురుగా వచ్చే పడవవాణ్ణి తిడుతూ లాగితే దాని గొంతులో జీర వినిపించేది. రెండో గంట పూర్తిగా మోగకముందే కింద గేరు పడేది. ఒడ్డున చూసేవాళ్ళకు లాంచీని ఒక్క మనిషే నడుపుతున్నట్టు ఉండేది.

వ్యాపారి పోయాక కొడుకులు వాటాలు పంచుకున్నారు. లాంచీని రెండు ముక్కలు చేయడం కుదరదు కనుక ప్రభుత్వ శాఖకు అమ్మేశారు. శాఖవారు బూడిదరంగు పూసి, కొత్త పేరు రాయించారు. పెయింటరు ఆ పేరులో ఒక వత్తు మింగేశాడు. చూసిన అధికారులెవరూ గుర్తించలేదు, గుర్తించినవారికి చెప్పే అధికారం లేదు. ఆ తప్పుతోనే లాంచీ ఏళ్ళ తరబడి తిరిగింది. వ్యాకరణంలో అవ్యయాలని ఉంటాయి: పక్కన ఏ పదం వచ్చి చేరినా, లింగం మారినా, వచనం మారినా తాము మారనివి. యజమానులు మారి, రంగు మారి, పేరు మారిన ఆ లాంచీలో అవ్యయాలనదగినవి మూడే మిగిలాయి: పైన సరంగు, కింద పాతాళం, మధ్యన గంట.

లాంచీ శాఖ చేతికి వచ్చిన రోజునే బావలిద్దరికీ చెడింది. శాఖ తరఫున వచ్చిన అధికారి లాంచీ అంతా తిరిగి చూసి, ఇంజను గది తలుపు దగ్గర వంగి, "కింద ఎవరు?" అని సరంగును అడిగాడు. సరంగు కొత్త యజమాని ముందు కాస్త హుషారుగా ఉన్నాడు. "కింద ఎవరైనా ఒకటే సార్. గంట వినబడితే చాలు," అన్నాడు. అధికారి నవ్వాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆ మాట తలుపు సందులోంచి సూటిగా కిందికి దిగి, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న మనిషి చెవిలో పడింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కుట్టుమిషను ముందున్న భార్యతో ఆయన ఒకే మాట అన్నాడు. "మీ అన్న పేరు ఈ గడపలో ఎత్తొద్దు. మంచైనా సరే, చెడైనా సరే."

"ఏం జరిగిందసలు?"

"ఎత్తొద్దన్నానా?"

ఆమె ఎత్తలేదు. మొదట్లో మోకు రాయబారాలు నడిపాడు. సరంగు కూడా రెండు మూడుసార్లు నిచ్చెన సగం దాకా దిగి "బావా" అన్నాడు. కింద ఇంజను చప్పుడు తప్ప జవాబు రాలేదు. సరంగూ మనిషే, అతనికీ రోషముంది, దిగడం మానేశాడు. పాతాళం అందరికంటే ముందు వచ్చి ఇంజను గదిలో దిగేవాడు, అందరూ వెళ్ళాక ఎక్కేవాడు. ఇద్దరూ ఎదురుపడకుండా ఒకే లాంచీలో బతుకు వెళ్ళబుచ్చడానికి ఇంత ఏర్పాటు చాలు. విచిత్రమేమంటే లాంచీ అంతకుముందుకన్నా బాగా నడిచింది. మాటలు ఆగాక గంట పలుకు మరింత స్పష్టమైంది.

మధ్యలో ఒక చలికాలం గంట మీద పరాయి చెయ్యి పడింది. ఆ మోతలో తడబాటు, అనవసరమైన గట్టితనం ఉన్నాయి. బదిలీ సరంగు ఎవరో వచ్చాడని, బావ సెలవు పెట్టాడని పాతాళం తనకు తానే చెప్పుకున్నాడు. ఎవరినీ అడగలేదు. ఎండలు ముదిరేసరికి పాత చెయ్యి తిరిగి వచ్చింది. మొదటి గంట వినగానే ఆయన ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికదనానికి తన మీద తనకే కోపం వచ్చి, ఆ రోజంతా మోకును అకారణంగా కసిరాడు. పాత చెయ్యే కాని ఇప్పుడు కొంచెం నెమ్మదించింది. వయసు, అనుకున్నాడు.

శాఖకు లాంచీ భారమైంది. ఒక కంపెనీ కొనుక్కుంది. తెల్లరంగు వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, రేవులో అద్దాల గది ఒకటి వెలసి అందులో ఒక మేనేజరు కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. వయసులో చిన్నవాడైనా అందరినీ మీరనేవాడు. ప్రయాణికుల క్షేమం మీద అతనికి నిజమైన శ్రద్ధ ఉంది. తీగలాగే గంటను చూసి నివ్వెరపోయాడు. "తీగ తెగితే? గంట మోత తప్పుగా లెక్కపెడితే? మనిషి మాట ఉండగా ఇదేమిటండీ?" అన్నాడు. సరంగు మెడ చుట్టూ కప్పుకున్న కండువా సవరించుకొని తల ఊపాడు. పక్కనున్న మోకు, "ఆయన మితభాషి సార్," అని సర్దాడు.

గంట పోవడం వెనక కథ అంత చిన్నది. ఆ ఉదయం పాతాళానికి మాత్రం అందులో చాలా పెద్ద సంగతి కనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత బావ గొంతు వినాలి. ఆ గొంతు తన చెవిలో, ఇంత దగ్గరగా, "వెనక్కి" అని ఆజ్ఞాపిస్తుంది. తను "సరే" అనాలి. గంటకు జవాబు చెప్పనక్కరలేదు. ఫోనుకు చెప్పాలి. ఇది బావ అడిగి చేయించుకున్న ఏర్పాటేనని కూడా ఆయనకు తోచింది. తనను మాట్లాడించడానికి కంపెనీని అడ్డం పెట్టుకున్నాడు, అనుకున్నాడు. ముందు అతన్ని మాట్లాడనీ. నోరారా, పూర్తి వాక్యంలో చెప్పనీ.

మొదటి ట్రిప్పుకు జనం నిండారు. మోకు తాడు విప్పి తలుపు సందులోంచి "పోనీ" అని అరిచాడు. పాతాళం గేరు వేశాడు. నది మధ్య దాకా ఫోను మోగలేదు. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అవతలి రేవు దగ్గర పడుతున్నదని ఇంజను మోత మారడం వల్ల, అడుగున నీళ్ళ ఒరిపిడి వల్ల ఆయనకు తెలుస్తూనే ఉంది. ఎర్రదీపం వెలిగింది. ఫోను తీసి చెవికి ఆనించాడు.

మాట లేదు. ఊపిరి ఉంది. సన్నటి ఈలలాంటి ఊపిరి, గొట్టంలోంచి గాలి ఊదినట్టు. ఫూ, ఫూ. రెండు.

ఆపు.

ఆయన బుద్ధికంటే ముందు చెయ్యి అందుకుంది. అరచెయ్యి గేరు పిడి మీదికి వెళ్ళింది. ఆ తర్వాత బుద్ధి వచ్చింది. నాతో మాట్లాడడానికి నోరు రాక, కుక్కను పిలిచినట్టు ఈల వేస్తున్నాడా? కింద ఎవరైనా ఒకటేగా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఫూ, ఫూ, ఫూ. మూడు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ మూడు. ఈసారి తొందర తొందరగా, ఒకదానిమీద ఒకటి పడుతూ.

వెనక్కి, వెనక్కి. బావ చేతి వేగం ఆయనకు తెలుసు. అది ఎలాంటి సమయంలో వచ్చే వేగమో కూడా తెలుసు. తెలిసి కూడా, చిన్నతనంలో అన్నం మీద అలిగిన పిల్లవాడి పంతం ఒకటి ఆయన చేతికి అడ్డుపడింది. ఏళ్ళ తర్వాత సరంగుతో ఆయన మాట్లాడిన మొదటి మాట ఇది.

"ఏం, నోరు పడిపోయిందా?"

అవతల ఊపిరి ఆగిపోయింది.

ఆ తర్వాత రేవు లాంచీలోకి వచ్చింది. అలాగే అనిపించింది ఆయనకు. ఇంజను ఒరిగింది, నూనెడబ్బాలు మీద పడ్డాయి, పైన ఎన్నో కాళ్ళు ఒక్కసారిగా ఒక పక్కకు పరుగెత్తిన మోత, ఒక ఆడమనిషి అరుపు. ఇంజను ఆపి, మోచెయ్యి చీరుకుపోయిన సంగతి కూడా ఎరగకుండా నిచ్చెన ఎక్కాడు.

రేవు చెక్కలు విరిగి లాంచీ ముక్కులోకి దిగబడి ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీలు గుట్టగా ఒక మూల పడ్డాయి. గుడ్లబుట్టతో ఎక్కిన మనిషి ఒకడు పగిలిన గుడ్ల మధ్య కూర్చొని ఏదో అర్థంలేని కోపంతో వాటినే తిడుతున్నాడు. ఒక ముసలావిడ మణికట్టు పట్టుకొని రెయిలింగుకు ఆనుకొని ఉంది; ఆ చెయ్యి ఉండవలసిన పక్కకు లేదు. ఎవరో ఆమె చెయ్యి కండువాతో కడుతున్నారు. పాతాళం అటు ఒక అడుగు వేసి, ఆగి, చుక్కాని గది వైపు తిరిగాడు. ఇంత చేసినవాణ్ణి అక్కడికక్కడే అడగాలి. ఎవరు ఎవరిని అడగాలో అప్పటికి ఆయనకు స్పష్టంగా లేదు.

చుక్కాని గది తలుపు తోశాడు.

సరంగు చుక్కాని పక్కన నేలమీద కూలబడి ఉన్నాడు. నుదుటి మీదినుంచి రక్తం కారుతోంది. జుట్టంతా తెల్లబడింది. బావ ముసలివాడైపోయాడన్నది ముందు తగిలిన దెబ్బ. ఫోను ఇంకా అతని చేతిలోనే ఉంది. కాని దాన్ని అతను నోటి దగ్గర పెట్టుకోలేదు. పై కొన చెవి దగ్గర ఉంచి, కింది కొనను మెడకు ఆనించి పట్టుకున్నాడు. కండువా జారిపోయింది. మెడ కింద, రెండు ఎముకల మధ్య, బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది. అది తెరుచుకొని, మూసుకొని, ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరి ఫోనులో పడుతోంది. ఫూ, ఫూ, ఫూ. లాంచీ గుద్దుకొని ఆగిపోయినా అతను ఇంకా వెనక్కి అంటూనే ఉన్నాడు.

పాతాళం తలుపు పట్టుకొని నిలబడ్డాడు. మోకు ఆయనను పక్కకు తోసుకొని లోపలికి వచ్చి సరంగు నుదుటిమీద గుడ్డ అదిమాడు.

"మోకూ," అన్నాడు పాతాళం. "అదేమిటి?"

"ఏది?"

"ఆ మెడలో."

మోకు తల తిప్పి, వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏళ్ళయింది కదయ్యా. గొంతులో గడ్డ. కోసి తీసేశారు, గొంతు కూడా పోయింది. నీకు తెలీకపోవడమేంటి? నీ పెళ్ళామే కదా ఆస్పత్రిలో అన్నీ చూసుకుంది."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"ఇంట్లో వాళ్ళకి రేవులో మనిషి చెప్పాలా? నువ్వే మాట్లాడవు, ఆయన ఎలాగూ మాట్లాడలేడు, ఇద్దరికీ సరిపోయిందిలే అనుకున్నా."

ఆ రోజు ఆయన ఇంటికి నడిచిన తోవ ఆయనకు గుర్తులేదు. భార్య మిషను మీద బడిపిల్లల చొక్కాలకు అంచులు కుడుతోంది. సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఆమె చెయ్యి చక్రం మీద ఆగింది కాని తల ఎత్తలేదు.

"అన్నయ్యకెలా ఉంది?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట వినబడడం ఎన్నాళ్ళకో.

"నుదుటికి కుట్లు వేశారు. నాకెందుకు చెప్పలేదు?"

"ఏది?"

"గొంతు సంగతి."

ఆమె అప్పుడు తలెత్తింది. ఆ చూపును ఆయన ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అందులో కోపం లేదు. లెక్కంతా తప్పని తేలిన మనిషి చూపు అది.

"మీకు తెలీదా?"

"తెలీదు."

"నిజంగా తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? ఎవరు చెప్పారు నాకు?"

"రోజూ ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. ఎక్కడికని మీరొక్కసారి అడగలేదు. ఒకరోజు నేనే చెప్పబోయాను. ‘మా అన్నయ్యకి...’ అన్నాను, అంతే. మీరు లేచి రేడియో పెంచారు." ఆమె చొక్కాను మడిచింది, మళ్ళీ విప్పింది. "తెలిసే ఊరుకున్నారనుకున్నా."

"తెలిసి ఊరుకుంటానా నేను?"

"ఊరుకున్నారనే అనుకున్నాను మరి. ఇన్నేళ్ళూ. మనిషి గొంతు కోసి తీసేసినా కరగని వాడితో కాపురం చేస్తున్నాననే అనుకున్నా."

ఆయన కుర్చీ కోసం వెతుక్కొని, దొరక్క, మంచం అంచున కూర్చున్నాడు. "అలా అనుకుంటూనే నాకు అన్నం పెట్టావా?"

"పెట్టాను. మొదట్లో ముఖం చూడకుండా పెట్టేదాన్ని. పోను పోను అలవాటైపోయింది."

తన ఇంట్లో, తన ఎదురుగా, తన గురించిన ఇంత పెద్ద తీర్పు ఇన్నేళ్ళపాటు పలకకుండా కాపురం చేసింది. తాను దాని పక్కనే నిద్రపోయాడు. ఆ తీర్పు అప్పటికి తప్పు. ఈ ఉదయం నుంచి అది తప్పు కాదు. ఫోనులో ‘వెనక్కి’ అని తెలిసి కూడా ఊరుకున్నవాడు ఇప్పుడు నిజంగానే ఉన్నాడు. ఆ సంగతి ఆయన ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు అద్దాల గదిలోకి పిలిచారు. మేనేజరు రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. సరంగు ఒక కుర్చీలో, నుదుటికి కట్టుతో, మెడకు కండువాతో కూర్చున్నాడు. మోకు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ముసలావిడ కొడుకు పోలీసుల దగ్గరికి వెళ్ళాడు," అన్నాడు మేనేజరు. "ఎవరిదో ఒకరిది తప్పని నేను చెప్పాలి. ఇదిగో, ఈయన మాట్లాడలేడన్న సంగతి కంపెనీ దగ్గర దాచారు. మాట్లాడలేని మనిషి ఫోనులో ఏం చెప్తాడు? చెప్పలేదు కాబట్టే లాంచీ ఆగలేదు. ఈయన్ని అడిగాను, ఒప్పుకున్నారు."

సరంగు తల ఊపాడు. నిదానంగా, స్పష్టంగా, అవునన్నట్టు.

పాతాళం నివ్వెరపోయాడు. ఫోనులో తానన్న మాట బావ చెవిలో పడింది. తాను అర్థం చేసుకున్నాడని ఆ మనిషికి తెలుసు. ఇన్నేళ్ళు గంటతో మాట్లాడినవాడికి తెలియకుండా ఉండదు. తెలిసి తల ఊపుతున్నాడు. చెల్లెలి మొగుడి ఉద్యోగం నిలబెట్టి, తాను జైలుకు వెళ్ళడానికి సిద్ధపడి కూర్చున్నాడు.

"మీ నుంచి ఒక్క మాట చాలండీ," అన్నాడు మేనేజరు పాతాళం వైపు తిరిగి. "మీకేమీ వినబడలేదు కదా? అంతే చెప్పండి. మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

గదిలో పంకా తిరుగుతున్న చప్పుడు, కండువా కింద ఈలలాంటి ఊపిరి. ఆ ఊపిరి తన మీదే పడుతున్నట్టు అనిపించింది ఆయనకు.

"వినబడింది," అన్నాడు.

"ఏం వినబడింది?"

"ముందు రెండుసార్లు ఊదాడు. ఆపమని. తర్వాత మూడుసార్లు, మళ్ళీ మూడుసార్లు. వెనక్కి తీయమని. ఇన్నేళ్ళూ గంట మీద ఎలా చెప్పాడో అలాగే చెప్పాడు. నాకు అర్థమైంది."

"అర్థమైతే ఎందుకు తియ్యలేదు?"

"నోటితో చెప్తేనే తీద్దామని కూర్చున్నా."

మేనేజరు కలం కింద పెట్టాడు. సరంగు లేచి వచ్చి పాతాళం చొక్కా చెయ్యి పట్టుకొని లాగాడు. కాదు కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. పాతాళం ఆ చేతిమీద తన చెయ్యి వేసి, వదిలించుకోకుండా, మేనేజరుతోనే అన్నాడు.

"ఈయనకు గొంతు లేదని నాకు నిన్నటిదాకా తెలీదు. అది వేరే సంగతి. ఆపమన్నాడని మాత్రం తెలుసు. ఆ ముసలావిడ చెయ్యి విరగ్గొట్టింది నేను."

"మీరేం చెప్తున్నారో తెలిసే చెప్తున్నారా? ఉద్యోగం పోతుంది. కేసు మీ మీదికి వస్తుంది."

"నా మీదికే రావాలి."

"ఈయన్ని కూడా ఇక చుక్కాని దగ్గర ఉంచలేనండీ. దాచినందుకు."

"అది మీరూ ఆయనా చూసుకోండి. జైలు మాత్రం ఆయనది కాదు."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒక మాట అడుగుతాను. ఇన్నేళ్ళూ మీరిద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా ఈ లాంచీ నడిపారా?"

జవాబు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. "నడిపారు సార్," అన్నాడు మోకు. "మాట్లాడుకోమన్న రోజే గుద్దేశారు."

ఎవరూ నవ్వలేదు. మోకు కూడా నవ్వించడానికి అనలేదు.

పోలీసుల దగ్గర పాతాళం చెప్పినదే మళ్ళీ చెప్పి, సంతకం పెట్టి, పిలిచినప్పుడు వస్తానని మాట ఇచ్చి బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటికి వెళ్ళకుండా సరంగు ఉండే వీధికి నడిచాడు. ఇల్లు ఎక్కడో తెలుసు. గడప తొక్కి ఏళ్ళయింది. అరుగు మీద సరంగు కూర్చొని ఉన్నాడు. పక్కన పాతాళం భార్య ఉంది, అన్న కట్టు మారుస్తోంది. మొగుణ్ణి చూసి లేవబోయింది. కూర్చోమన్నట్టు ఆయన చెయ్యి ఊపి, తనూ అరుగు చివర కూర్చున్నాడు.

"బావా," అన్నాడు.

సరంగు ముఖంలో రంగు మారింది. ఒక్కసారిగా పెదవులు కదలడం మొదలుపెట్టాయి. అంత వేగంగా మాట లేకుండా కదిలే పెదవులను పాతాళం ఎన్నడూ చూడలేదు. చేతులు గాలిలో లేస్తున్నాయి, కండువా ఎగిరెగిరి పడుతోంది. ఆయనకు ఒక్క ముక్క బోధపడలేదు. అంత బాగా గంట భాష తెలిసినవాడు ఈ భాషలో ఓనమాలు రాని పిల్లవాడిలా నోరు తెరుచుకొని కూర్చున్నాడు.

"ఏమంటున్నాడు?" అని భార్యను అడిగాడు.

ఆమె అన్న పెదవులనే చూస్తూ, "తిడుతున్నాడు," అంది. "మిమ్మల్నే."

"ఏమని?"

"బుద్ధుందా అంటున్నాడు. అద్దాల గదిలో నేను సర్దుకుంటుంటే మధ్యలో దూరి అంతా పాడుచేశావంటున్నాడు. ఇద్దరి కూడూ పోయిందంటున్నాడు. నీ పంతానికి లాంచీడు జనాన్ని ముంచేవాడివి అంటున్నాడు." ఆమె ఆగింది. "తర్వాతది నేను చెప్పలేను. బూతు."

"చెప్పు."

"అబ్బ, నావల్ల కాదు. అయినా ఇప్పటివి అయిపోయాయి. పాతవి తీస్తున్నాడు. నిచ్చెన దిగి పిలిచినప్పుడు పలకలేదంటున్నాడు. ఆస్పత్రిలో రోజూ తలుపు వంక చూశానంటున్నాడు." ఆమె కట్టు గుడ్డ పక్కన పెట్టింది. "చాలా ఉంది. ఇప్పట్లో తెమిలేటట్టు లేదు."

పాతాళం అరుగు చివరినుంచి జరిగి, సరంగుకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"ఒక్కటీ వదలకుండా చెప్పు," అన్నాడు భార్యతో, కళ్ళు బావ పెదవుల మీదనుంచి తిప్పకుండా. "కొంచెం నెమ్మదిగా తిట్టమను. నేనూ నేర్చుకోవాలి."